కలెక్టరేట్‌లో జయంతులు: ఓరుగల్లు చరిత్రకు సర్కారు భవనం ఇస్తున్న చోటెంత?

2021 జూన్ 21న వరంగల్, హన్మకొండల్లో ఒక్కరోజే మూడు పెద్ద సర్కారు కార్యక్రమాలు జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హన్మకొండలో కొత్త సమీకృత కలెక్టరేట్‌ను ప్రారంభించారు. కాళోజీ నారాయణరావు పేరిట ఉన్న ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిపాలనా భవనాన్ని ప్రారంభించారు. అదే నెలలో కూల్చిన సెంట్రల్ జైలు జాగలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ 2011లో కన్నుమూసిందీ ఆ తేదీనే.

ఒక ఆఫీసు తెరుచుకోవడం, ఒక కవి పేరుతో భవనం రావడం, ఒక పాత భవనం ఆనవాలు లేకుండా పోవడం, ఒక పెద్దమనిషి వర్ధంతి అన్నీ ఒకే రోజు కలిసి వచ్చాయి. ఓరుగల్లులో ప్రభుత్వ భవనాలకూ ఈ నేల చరిత్రకూ ఉన్న సంబంధం ఎంత చిక్కుపడి ఉందో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క రోజు చాలు. ఇప్పుడు జిల్లాల్లో మహనీయుల జయంతులు, వర్ధంతులు, భాషా దినోత్సవాలు, బతుకమ్మ ఆటలు చాలావరకు ప్రభుత్వ ఆఫీసుల్లోనే జరుగుతున్నాయి. ఇది మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చడం కుదరదు. ఆ రోజు ఆ భవనంలోకి ఎవరు రాగలిగారు, వచ్చినవాళ్లకు మాట్లాడే వీలుందా, ఆ మనిషి చరిత్రకు సంబంధించినది ఏదైనా అక్కడ కంటికి కనబడిందా అన్నవి చూడాలి. ఈ మూడింటిలో మన జిల్లా ఆఫీసులు ఇంకా చాలా వెనకబడి ఉన్నాయి.

కలెక్టరేట్‌లో ఒక జయంతి ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వస్తుంది. ఆ మహనీయుడి సామాజిక వర్గాన్ని బట్టి బీసీ సంక్షేమ శాఖకో, ఎస్సీ అభివృద్ధి శాఖకో, గిరిజన సంక్షేమ శాఖకో బాధ్యత పడుతుంది. ఆ శాఖ మిగతా జిల్లా అధికారులకు హాజరు కావాలని సర్క్యులర్ పంపుతుంది. సమావేశ మందిరంలో వెనకాల ఫ్లెక్సీ కడతారు. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, ఫొటో పెట్టి, బంతిపూల దండ వేస్తారు. కలెక్టరో అదనపు కలెక్టరో వచ్చి జ్యోతి వెలిగిస్తారు. కుల సంఘాల నాయకులు నలుగురైదుగురు ముందు వరుసలో ఉంటారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు. మహనీయుల ఆశయాలను ముందుకు తీసుకెళ్లాలని అధికారి చెబుతారు. ఫొటోలు దిగుతారు. మధ్యాహ్నానికల్లా ప్రెస్ నోట్ పత్రికల వాళ్లకు చేరుతుంది. సోమవారమైతే అదే హాల్లో వెంటనే జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి మొదలవ్వాలి కాబట్టి అంతా గబగబా సర్దేస్తారు.

దీన్ని తేలిగ్గా తీసిపారేయడం సరికాదు. ఆ ఫొటో ఆ టేబుల్ మీదికి రావడానికి వెనక దశాబ్దాల కొట్లాట ఉంది. చాకలి ఐలమ్మ, దొడ్డి కొమురయ్య, సర్వాయి పాపన్న, కొమురం భీం లాంటి వాళ్ల పేర్లు ఒకప్పుడు పాటల్లో, బుర్రకథల్లో, ఊరి మాటల్లో మాత్రమే బతికాయి. పాఠ్యపుస్తకంలో చోటు లేదు, ఆఫీసు గోడ మీద ఫొటో లేదు. ఒక రజక కుటుంబం నుంచి వచ్చిన పిల్ల కలెక్టరేట్ మెట్లెక్కి, లోపల జిల్లా అధికారులంతా ఐలమ్మ ఫొటో ముందు నిలబడటం చూసిందంటే దానికి విలువ ఉంది. హైదరాబాద్‌లోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టినప్పుడు ఎంతోమంది సంతోషించారు. ఆ సంతోషం నిజమైనది. గుర్తింపు కోసం అడిగినవాళ్లు అడిగింది సర్కారు గుర్తింపునే. కాబట్టి జయంతులు ప్రభుత్వ భవనాల్లో జరగకూడదు అనే వాదన ఈ చరిత్ర తెలియనివాళ్లే చేస్తారు.

గుర్తింపు దొరికాక ఆ కార్యక్రమం అక్కడే ఆగిపోవడం దగ్గర ఇబ్బంది మొదలైంది. సెప్టెంబర్ నెలనే చూడండి. 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. 10న ఐలమ్మ వర్ధంతి. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన 17 ఉండనే ఉంది. 26న ఐలమ్మ జయంతి. మరునాడు 27న కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి. చాలా ఏళ్లు బతుకమ్మ కూడా ఇదే నెలాఖరులో మొదలవుతుంది. ఇన్ని కార్యక్రమాలు ఒకే శాఖ, ఒకే బడ్జెట్, ఒకే హాలు మీద పడితే ఏదీ మనసుపెట్టి చేసే వీలుండదు. ఫ్లెక్సీలో ఫొటో మారుతుంది, మాటలు అవే ఉంటాయి. 1895లో పుట్టిన ఐలమ్మ గురించీ 1915లో పుట్టిన బాపూజీ గురించీ ఒకే ప్రసంగం వినిపిస్తే ఇద్దరిలో ఎవరినీ గుర్తు చేసుకున్నట్టు కాదు.

ఇంకో ఇబ్బంది గేటు దగ్గరే ఉంది. ప్రభుత్వ ఆఫీసుకు మామూలు జనం పని ఉంటేనే వస్తారు. సర్టిఫికెట్ కోసమో, పాసు పుస్తకం కోసమో, పింఛన్ కోసమో. పని లేకుండా అక్కడ తిరిగితే 'ఎవరు, ఏం పని' అని అడుగుతారు. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక కట్టిన సమీకృత భవనాలు చాలాచోట్ల ఊరికి దూరంగా, హైవే పక్కన పడ్డాయి. అక్కడికి ఆటో ఖర్చు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని ఒక జయంతి చూడటానికి ఎవరు వస్తారు? హన్మకొండ కలెక్టరేట్ ఊరి నడిబొడ్డున సుబేదారిలో ఉంది కాబట్టి కొంత నయం. అక్కడ కూడా పనిదినం, పని గంటలే. జయంతి ఆదివారం వస్తే వచ్చేది అధికారులే, అదీ తప్పదు కాబట్టి. బడి పిల్లలు రారు, రిటైరైన టీచర్లకు పిలుపు అందదు, ఆ మహనీయుడి మీద ముప్పై ఏళ్లు పనిచేసిన స్థానిక పరిశోధకుడికి కుర్చీ దొరికితే అదృష్టమే.

ప్రభుత్వ భవనంలో జరిగే స్మరణకు ఇంకో బలహీనత కూడా ఉంది. అది అధికారంలో ఎవరున్నారో దాన్ని బట్టి మారుతుంది. సెప్టెంబర్ 17 దీనికి మంచి ఉదాహరణ. 1948లో ఆ రోజు నిజాం లొంగిపోయాడు, హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఇందులో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. కానీ తెలంగాణ వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు రాష్ట్ర ప్రభుత్వం దాన్ని అధికారికంగా జరపలేదు. 2022లో జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. అదే ఏడాది కేంద్రం విమోచన దినంగా జరిపింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. కమ్యూనిస్టులు ఎప్పట్లాగే సాయుధ పోరాట వారోత్సవాలు చేసుకుంటూ వస్తున్నారు. జిల్లా కేంద్రంలో జెండా ఎగరేసే మైదానం మారలేదు, పోలీసు వందనం మారలేదు. ఫ్లెక్సీ మీది పేరు మారింది, ప్రసంగంలో ఎవరి త్యాగం ముందు చెప్పాలన్నది మారింది.

వరంగల్ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. అంతకు ముందు ఏడాది ఓరుగల్లు కోటలో జెండా ఎగరేసిన సందర్భంలో బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. ఈ కుటుంబాలకు, ఈ ఊళ్లకు ఆ తేదీలు ఏ పార్టీకీ చెందినవి కావు. పరకాలలో అమరధామం ఉంది కాబట్టి అక్కడికి వెళ్లి నిలబడవచ్చు. భవనమో, స్థలమో స్థిరంగా ఉన్నచోట జ్ఞాపకం సర్కారు మారినా నిలబడుతుంది. ఉత్తర్వు మీద ఆధారపడినచోట తర్వాతి ఉత్తర్వుతో కొట్టుకుపోతుంది.

అందుకే జైలు సంగతి దగ్గర కాస్త ఆగాలి. వరంగల్ సెంట్రల్ జైలు నిజాం కాలంలో కట్టినది, కూల్చేనాటికి దాదాపు 135 ఏళ్ల భవనం. స్వాతంత్ర్యానికి ముందు నిజాం వ్యతిరేక పోరాటంలో, ఆ తర్వాత అనేక ఉద్యమాల్లో పాల్గొన్నవాళ్లు అందులో శిక్ష అనుభవించారు. కవి దాశరథి కృష్ణమాచార్యులను వరంగల్ జైల్లో ఉంచి తర్వాత నిజామాబాద్ జైలుకు మార్చారు. ఈ జైలు చరిత్ర అంతా రాజకీయ ఖైదీలదే అనుకోకూడదు. ఖైదీలు ఇక్కడ తివాచీలు, జంపఖానాలు నేసేవాళ్లు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల నేత నేతకారుల వాడ కొత్తవాడలోనే కాక ఆ గోడల మధ్య కూడా సాగింది.

2017లో రాష్ట్ర ప్రభుత్వమే వారసత్వ పరిరక్షణ చట్టం తెచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకే ఈ భవనం కొద్ది రోజుల్లో నేలమట్టమైంది. ఆసుపత్రి అవసరం లేదని ఎవరూ అనలేరు. ఉమ్మడి వరంగల్‌తో పాటు చుట్టుపక్కల జిల్లాల పేదలంతా వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి మీదే ఆధారపడి ఉన్నారు, అక్కడి వార్డుల రద్దీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అంత పెద్ద జాగలో ముఖద్వారమో, ఒక బ్యారక్కో, ఒక గోడో ఉంచి ఆసుపత్రి కట్టలేమా అన్న ప్రశ్నకు మాత్రం సరైన జవాబు రాలేదు. ఒక్క బ్యారక్ మిగిలి ఉంటే దాశరథి శతజయంతి వేళ పిల్లల్ని తీసుకెళ్లి చూపించడానికి వరంగల్‌లో ఒక చోటు ఉండేది. ఇప్పుడు ఏసీ హాల్లో ఫొటోకు దండ వేయడం తప్ప దారి లేదు.

నిజామాబాద్‌లో పరిస్థితి వేరు. అక్కడి ఖిల్లాలోనే పాత జైలు ఉండేది. దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి అందులో కలిసి ఉన్నారు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడల మీద పద్యాలు రాశాడని, సిబ్బంది చెరిపేస్తే మళ్లీ రాశాడని తెలంగాణలో సాహిత్యం చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. తర్వాత జైలు ఊరి బయటికి, సారంగాపూర్‌కు మారింది. ఖిల్లా మాత్రం ఉంది. అక్కడ దాశరథిని తలుచుకుంటూ కవులు సమావేశమైన సందర్భాలు ఉన్నాయి. బొగ్గు రాతలు ఎప్పుడో పోయాయి, అయినా ఆ గోడల మధ్య నిలబడి జూలై 22న ఒక పద్యం చదివితే వినేవాడికి ఆ మాటల బరువు తెలుస్తుంది. ప్రభుత్వ భవనాన్ని స్మరణకు వాడటం అంటే ఇదీ. ఆ భవనానికీ ఆ మనిషికీ సంబంధం ఉంది. ఒకప్పుడు అతన్ని బంధించిన రాజ్యం ఇప్పుడు లేదు, భవనం ప్రజల చేతికి వచ్చింది, అందులో అతని మాట వినిపిస్తోంది. ఇంత అర్థం ఏ కొత్త హాలూ ఇవ్వలేదు.

ఇదే లెక్కన జనగామ జిల్లా ఖిలాషాపూర్ కోటను ఆలోచించాలి. సర్వాయి పాపన్న ఆ కోట ఆధారంగా పోరాడాడు, 1708లో ఓరుగల్లు మీదే దాడి చేశాడు. ఆగస్టు 18న ఆయన జయంతిని జిల్లా కేంద్రాల్లో జరుపుతున్నారు, మంచిదే. అధికారిక కార్యక్రమంలో ఒక పూట అయినా ఖిలాషాపూర్‌లో పెడితే, ఆ వంకన కోట గోడల పరిస్థితిని కలెక్టర్ ఏడాదికోసారి కళ్లారా చూస్తారు. గోడ పడిపోయాక ప్రతిపాదనలు పంపడం కన్నా ఇది ఎంతో మేలు.

కాకతీయుల కట్టడాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. జైలు లాంటి భవనాలను సర్కారు పట్టించుకోలేదు, గుళ్లూ కోటల దగ్గర మరీ ఎక్కువ సందడి చేస్తుంది. వేయిస్తంభాల గుడి 1163 నాటిది. ఓరుగల్లు కోట, రామప్ప, వేయిస్తంభాల గుడి మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో సభలు, విందులు, వినోద కార్యక్రమాలు పెట్టాలంటే కేంద్రం నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎప్పట్నుంచో వస్తున్న మత సంప్రదాయాలకు మినహాయింపు ఉంది. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ఆవరణ ఆడవాళ్లతో నిండిపోవడం ఆ సంప్రదాయం కిందికే వస్తుంది. వేదికలు, సౌండ్ సిస్టమ్, లైట్లు, వీఐపీ గ్యాలరీలు ఆ కోవలోకి రావు.

ఈ తేడా కాగితం మీది తేడా కాదు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పదీసి, ఏళ్ల తరబడి పని చేసి, 2024 మార్చిలో శివరాత్రికి మళ్లీ భక్తులకు తెరిచారు. కాకతీయులు ఈ కట్టడాల పునాదుల్లో ఇసుక వాడారు. ఆ ఇసుక కదిలితే స్తంభాలు కుంగుతాయి. అలాంటి చోట జనరేటర్ ఎక్కడ పెట్టారు, లారీ ఎంత దగ్గరికి వచ్చింది, స్పీకర్లు ఏ మండపానికి ఆనించారు అన్నవి ఇంజనీర్ చూడాల్సిన విషయాలు, ఈవెంట్ మేనేజర్ తేల్చేవి కావు.

2022 జూలైలో జరిగిన కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ నుంచి కాకతీయ వంశీయుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వచ్చారు. ఏడు రోజులు ఊరంతా కాకతీయుల మాటే. పిల్లలు గణపతిదేవుడి చెరువుల గురించి అడిగారు, రుద్రమదేవి గురించి చదివారు. చరిత్రను వారం రోజుల పాటు సభల్లో, కళాశాలల్లో, వీధుల్లో చర్చకు పెట్టడం మంచి పద్ధతి. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీదారులు రామప్పకు వచ్చినప్పుడు జరిగింది దీనికి పూర్తిగా వేరు. అక్కడ స్థానిక ఆడవాళ్లు అతిథుల కాళ్లు కడిగిన దృశ్యాలు బయటికొచ్చి రాష్ట్రమంతా విమర్శలు వచ్చాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో గుర్తింపు పొందిన గుడి. దాని గొప్పతనం ప్రపంచానికి చూపాలనుకోవడం సహజం. పాలంపేట ఆడవాళ్లకు అందులో దక్కిన పాత్ర ఏమిటన్నది అక్కడ ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఆ ఊరి వాళ్లే గైడ్లుగా, పేరిణి నృత్యం నేర్చుకున్న పిల్లలే కళాకారులుగా ముందుకు వచ్చి ఉంటే ఆ పొద్దు ఇంకోలా గుర్తుండేది.

బతుకమ్మ దగ్గర సర్కారు ఆఫీసులు కొంతవరకు సరైన దారిలో ఉన్నాయనే చెప్పాలి. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక కలెక్టరేట్ ఆవరణల్లో, మున్సిపల్ ఆఫీసుల్లో, ఆర్టీసీ డిపోల్లో, ఆసుపత్రుల్లో ఉద్యోగినులు బతుకమ్మ ఆడుతున్నారు. తంగేడు, గునుగు, బంతి పేర్చి, మధ్యాహ్నం తర్వాత ఫైళ్లు పక్కన పెట్టి కిందికి వస్తారు. ఆ వలయంలో జిల్లా అధికారి పక్కన ఊడ్చే ఆమె చప్పట్లు కొడుతుంది. పాట ఎత్తుకునేది చాలాసార్లు ఆమే, ఎందుకంటే పాట పూర్తిగా వచ్చింది ఆమెకే. కలెక్టర్‌కు రాకపోతే ఆమె వెనకాల అంటుంది. హాల్లో జరిగే జయంతికీ దీనికీ తేడా ఇక్కడే. బతుకమ్మకు వేదిక అక్కర్లేదు, ముందు వరుస లేదు, వచ్చినవాళ్లంతా ఆటలో ఉంటారు. అయితే కొన్నేళ్లుగా ఇక్కడ కూడా స్టేజీ, డీజే, బహుమతుల పోటీ వస్తున్నాయి. పాట ఆడవాళ్ల గొంతు నుంచి స్పీకర్‌లోకి మారితే ఆ పాట తెలిసినవాళ్లు ఇక నోరు విప్పరు. ఆఫీసు పెద్దలు కనీసం ఒక గంట డీజే ఆపిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఈ విషయంలో ఉత్తర తెలంగాణలోనే ఇంకో పాత నమూనా ఉంది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి నుంచి గంగాజలం తెచ్చి పూజలు చేస్తారు. ఆ జాతరలోనే దర్బార్ ఉంటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక, గోండుల బాధలు ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. అధికారులు జాతరకే వచ్చి ఆదివాసుల ఫిర్యాదులు వినే పద్ధతి ఆయన చొరవతో ఆ దశాబ్దంలో మొదలైంది. ఇప్పటికీ కలెక్టర్, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు వచ్చి కూర్చుంటారు. భూమి పట్టాలు, రోడ్లు, బడులు, నీళ్ల గురించి జనం నిలదీస్తారు.

ఇక్కడ సంస్కృతి ఆఫీసుకు రాలేదు, ఆఫీసే సంస్కృతి దగ్గరికి వెళ్లింది. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో మెస్రం పెద్దలు చెబుతారు. గుడిని కూడా వాళ్లు సొంత డబ్బులు పోగు చేసుకుని తిరిగి కట్టుకున్నారు. దర్బార్‌లో ఇచ్చిన హామీలన్నీ నెరవేరాయని ఎవరూ అనరు. అయినా ఆ పద్ధతికి ఎనభై ఏళ్లుగా ప్రాణం ఉందంటే, పూజ చేసి ఫొటో దిగి వెళ్లిపోవడానికి అక్కడ అధికారికి వీలుండకపోవడమే కారణం. కూర్చోవాలి, వినాలి, జవాబు చెప్పాలి.

ఈ నమూనాను కలెక్టరేట్ హాల్లోకి తేవడం కష్టమేమీ కాదు. ఐలమ్మ జయంతినే తీసుకుందాం. ఐలమ్మ కథలో అసలు విషయం భూమి. కౌలుకు తీసుకుని సాగు చేసిన పాలకుర్తి భూమిని, పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ లాక్కోవాలని చూస్తే ఆమె ఎదురు నిలబడింది. కలెక్టరేట్ పని కూడా భూమే. ప్రజావాణిలో దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లలో చాలామంది వచ్చేది భూమి గొడవలతోనే, వాళ్లలో ఒంటరి ఆడవాళ్లూ ఉంటారు. ఆ రోజు హాల్లో ఫొటోతో పాటు 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం గురించి, రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చే 38-ఈ గురించి తెలుగులో నాలుగు బోర్డులు పెట్టవచ్చు. భూమి ఎవరి సాగులో ఉందో రాసిన పాత ఖాస్రా పహాణీ ఎలా ఉండేదో ఒక నకలు చూపవచ్చు. రెవెన్యూ అధికారులు ఒక పూట ఆడవాళ్ల భూమి దరఖాస్తులే వినవచ్చు. వీటికి పెద్ద ఖర్చు లేదు, కాగితాలన్నీ రికార్డు రూములోనే ఉన్నాయి. ఐలమ్మకు అంతకు మించిన దండ ఏముంటుంది?

రికార్డు రూముల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. జిల్లా ఆఫీసులు కొత్త భవనాలకు మారినప్పుడు పాత దస్త్రాలు మూటలు కట్టి తరలించారు. ఉర్దూలో ఉన్న నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, జిల్లాలో మిగిలినవాటికి అలాంటి చూపు లేదు. మహనీయుల పేరిట ఏటా ఖర్చయ్యే ఫ్లెక్సీల డబ్బులో కొంత ఈ దస్త్రాల స్కానింగ్‌కు పెడితే, రేపు ఈ జిల్లా చరిత్ర రాసేవాళ్లకు ఆధారాలు మిగులుతాయి. సుబేదారిలో ఉన్న నిజాం కాలపు కలెక్టర్ బంగ్లా లాంటి భవనాలు ఇందుకు తగిన చోట్లు. ఎత్తైన పైకప్పు, మందమైన గోడలు, చుట్టూ చెట్లు. జైలుకు పట్టిన గతి వాటికి పట్టకూడదంటే వాటికి ఒక పని అప్పజెప్పాలి. ఖాళీగా ఉన్న పాత భవనం శిథిలావస్థకు చేరిందనే నివేదిక రావడానికి ఎంతో కాలం పట్టదు.

ఇక కాళోజీ కళాక్షేత్రం. 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి నాడు హన్మకొండ బాలసముద్రంలో దీనికి శంకుస్థాపన జరిగింది. పనులు ఆగుతూ సాగుతూ, 2024 నవంబర్ 19న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించేదాకా పదేళ్లు పట్టింది. ఇప్పుడు ఉత్తర తెలంగాణలో ఇంత పెద్ద ఆడిటోరియం ఇంకొకటి కనబడదు. లోపలి హంగులు బాగున్నాయి. తేలాల్సింది ఒక్కటే, దీన్ని ఎవరికి ఎంతకు ఇస్తారన్నది. కాళోజీ జీవితమంతా చిన్న గదుల్లో, మిత్రమండలి అనే సాహితీ బృందం కూటముల్లో, రోడ్డు మీద జనంతో గడిచింది. ఒక నాటక సమాజం, ఒక ఒగ్గు కథ బృందం, ఒక చిన్న సాహితీ సంస్థ తమ చందాలతో ఆ హాలును ఒక సాయంత్రం తీసుకోలేకపోతే ఆయన పేరు బోర్డు మీదే మిగిలిపోతుంది.

ప్రభుత్వం చేయలేని పనిని ఈ ఊరి జనం ఎలా చేశారో చూడాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో మొదలైంది. తెలుగులో చదువుకోవడమే కష్టమైన నిజాం పాలనలో, ఏ సర్కారు సాయమూ లేకుండా, పుస్తకాలు పోగు చేసి గ్రంథాలయం నడిపారు. అక్కడ జరిగిన సభలకు ఆహ్వాన పత్రికల్లో ప్రొటోకాల్ వరుస ఉండేది కాదు. ఆ సంప్రదాయం వారసులు ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు వేదిక కొరత ఉంది. సర్కారుకు వేదికలున్నాయి, సాయంత్రం ఆరు దాటితే తాళం పడుతుంది.

కాబట్టి జిల్లా యంత్రాంగం ముందుగా చేయాల్సింది ఒక చిన్న ఉత్తర్వు. కలెక్టరేట్ సమావేశ మందిరాలు, కళాక్షేత్రం, మున్సిపల్ హాళ్లు, పాత బంగ్లాలను నెలలో ఏయే రోజులు స్థానిక సాంస్కృతిక సంస్థలకు ఇస్తారో అందులో ఉండాలి. అద్దె ఎంత, కరెంటు ఖర్చు ఎవరిది, దరఖాస్తు ఎవరికి పెట్టాలి, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి, కాదంటే కారణం ఏమిటో రాసి ఇవ్వాలా అన్నవన్నీ స్పష్టంగా రాయాలి. ఏ పార్టీ, ఏ కులం, ఏ మతం వాళ్లు అడిగినా అదే ఫారం, అదే అద్దె ఉండాలి. ప్రజాప్రతినిధి రాకపోయినా కార్యక్రమం మొదలవ్వాలని కూడా రాయాలి, ఎందుకంటే మూడు గంటలు ఆలస్యంగా వచ్చే అతిథి కోసం పిల్లలు ఎండలో కూర్చున్న సభలు ఈ జిల్లాల్లో అందరూ చూసినవే. రక్షిత కట్టడాల విషయంలో పురావస్తు శాఖ ఇంజనీర్ సంతకం లేకుండా వేదిక కట్టకూడదన్న షరతు కూడా ఆ ఉత్తర్వులోనే చేరాలి. ఈ కాగితం కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద, తెలుగులో, అందరికీ కనబడేలా అతికిస్తే వచ్చే సెప్టెంబర్ 9కి దరఖాస్తులు పెట్టేవాళ్లు ఊళ్లో సిద్ధంగా ఉన్నారు.